ఎఫ్‌సింక్‌లో ఒక అక్కర్లేని పారామీటర్: తీసేయడం తేలిక, తీయొచ్చని తేల్చడమే పని

శ్రీకాకుళం జిల్లాలో కంప్యూటర్ మీద లెక్కలు రాసుకునేవాళ్లకు కరెంటు పోవడం కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటే కరెంటు స్తంభాలూ నేలకూలాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే గడిపాయి. తుపాను లేకపోయినా గట్టి గాలివాన వస్తే చాలు, లైటు పోతుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన బిల్లు కొట్టి సేవ్ నొక్కిన మరుక్షణం కరెంటు పోయిందనుకోండి. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో దిగిపోయింది. ఆ బిల్లు డిస్కులో ఉన్నట్టా, లేనట్టా?

అది ఆ బిల్లింగ్ ప్రోగ్రామ్, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ని ఏమని అడిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. లినక్స్‌లో ప్రోగ్రామ్ ఏదైనా రాస్తే అది నేరుగా డిస్కుకు వెళ్లదు. ముందు ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పడుతుంది. కెర్నల్ దాన్ని తీరుబడిగా, మామూలు సెట్టింగుల్లో అయితే 30 సెకన్ల దాకా ఆగి, డిస్కులోకి దించుతుంది. అంతసేపు ఆగలేని ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ అనే సిస్టమ్ కాల్ వాడాలి. ఈ ఫైలు డిస్కులో భద్రంగా పడ్డాకే నాకు జవాబు చెప్పు అని దాని అర్థం. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేసులు ‘రాసేశాను’ అని ధైర్యంగా చెప్పగలిగేది దీని అండతోనే.

ఇంత బరువు మోసే ఫంక్షన్‌లో ఒక పారామీటర్, అంటే పిలిచేటప్పుడు దానికి అందించే విలువ, 2010లో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. దాన్ని ఎలా తీశారో చూస్తే, ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో (డిస్కులో ఫైళ్లను అమర్చే కోడ్‌లో) ‘చిన్న క్లీనప్’ అని మనం తేలిగ్గా అనేసే పనిలో అసలు కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. విజయనగరంలో కొందరు ఇంజినీరింగ్ పిల్లలతో కూర్చుని కెర్నల్ కోడ్ చదువుతుంటాం. ఎచ్చెర్ల నుంచి వచ్చే ఒకమ్మాయి ఈ మార్పు చూసి, “సార్, వాడనప్పుడు చెరిపేస్తే అయిపోద్ది కదండీ, దీనికింత ఇదేటి?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఈ వ్యాసమంతా దానికి జవాబే.

ముందు దారి చూద్దాం. ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ పిలవగానే కెర్నల్‌లో వీఎఫ్‌ఎస్ అనే పై పొర అందుకుంటుంది. డిస్కు మీద ఉన్నది ఎక్స్‌ట్4 ఆ, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఆ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఆ అన్నది ఆ పొరకు అక్కర్లేదు. ఒక్కో ఫైల్‌సిస్టమ్ తన ఫంక్షన్ల చిరునామాలను ఒక పట్టికలో పెట్టి ఇస్తుంది, దాన్ని ఫైల్ ఆపరేషన్స్ అంటారు. ఆ పట్టికలో ఎఫ్‌సింక్ అన్న చోట ఏ చిరునామా ఉంటే వీఎఫ్‌ఎస్ దాన్ని పిలుస్తుంది. ఎక్స్‌ట్4 అయితే అక్కడ ఎక్స్‌ట్4_సింక్_ఫైల్ ఉంటుంది. పిలిచేది పాయింటర్ (చిరునామా) ద్వారా కాబట్టి అన్ని ఫైల్‌సిస్టమ్‌ల ఎఫ్‌సింక్‌లూ ఒకే రకం పారామీటర్లు, ఒకే వరసలో తీసుకోవాలి. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత చిక్కంతా ఇక్కడి నుంచే వస్తుంది.

2010 తొలి నెలల దాకా ఆ పారామీటర్లు మూడు. మొదటిది ఫైల్, అంటే ఆ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైలు తాలూకు కెర్నల్ నిర్మాణం. రెండోది డెంట్రీ, అంటే ఫోల్డర్‌లో ఒక పేరుకీ, ఆ పేరు వెనకున్న ఇనోడ్‌కీ (ఫైలు వివరాలు ఉండే నిర్మాణానికీ) లంకె. మూడోది డేటాసింక్ అనే అంకె, దాని సంగతి తర్వాత. తెరిచిన ఫైలు చేతిలో ఉంటే దాని డెంట్రీ అందులోనే ఉంటుంది, సీ భాషలో ఒక్క బాణం గుర్తు (->) దూరం. అయినా రెండూ విడివిడిగా ఎందుకు పంపేవారు?

కారణం ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఈ సర్వర్ కెర్నల్ లోపలే నడుస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ పాత వెర్షన్లలో క్లయింట్ ఫైలు తెరిచి ఉంచిందన్న లెక్క సర్వర్ దగ్గర ఉండదు. క్లయింట్ ఒక డైరెక్టరీలో కొత్త ఫైలు సృష్టించమంటే సర్వర్ సృష్టించి, ఆ డైరెక్టరీని డిస్కులోకి దించాక గానీ ‘అయింది’ అని చెప్పకూడదు. దించడానికి ఎఫ్‌సింక్ కావాలి. కానీ సర్వర్ ఆ డైరెక్టరీని తెరవలేదు, దాని దగ్గర డెంట్రీ మాత్రమే ఉంది. అందుకని ఫైల్ ఉండాల్సిన చోట నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని ఖాళీ చిరునామా) పెట్టి, డెంట్రీ ఇచ్చి పిలిచేది. ఇది ఒక్క పిలుపు కోసం జరిగిన సర్దుబాటు. దాని భారం మాత్రం ఎఫ్‌సింక్ రాసే ప్రతి ఫైల్‌సిస్టమ్ మీదా పడింది. ఫైల్ అనేది పారామీటర్లలో మొదటిదే అయినా దాన్ని నమ్మడానికి లేదు, నల్ కావచ్చు. నమ్మి ముట్టుకుంటే కెర్నల్ కూలిపోతుంది. అదీ మామూలు టెస్టులో కాదు, ఎవరో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ నడిపిన రోజున.

2010లో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఆ పని చేసే పద్ధతి మారింది. మెటాడేటా (పేర్లు, సైజుల్లాంటి ఫైలు వివరాలు) డిస్కులోకి దించడానికి దానికి వేరే దారి ఏర్పడింది. దాంతో నల్ ఫైల్‌తో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు క్రిస్టాఫ్ హెల్విగ్ అనే డెవలపర్ వరసగా రెండు మెట్లు దిగాడు. ముందు వీఎఫ్‌ఎస్ పైపొర ఫంక్షన్ల నుంచి డెంట్రీని తీసి, నల్ వస్తే ఏం చేయాలన్న కోడ్ కూడా తీసేశాడు. అది కుదురుకున్నాక రెండో ప్యాచ్‌లో (కోడ్ మార్పుల కట్టలో), ఫైల్ ఆపరేషన్స్ పట్టికలోని ఎఫ్‌సింక్ నుంచే డెంట్రీని తీసేశాడు. అది ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన 2.6.35 కెర్నల్‌లో చేరింది.

ఈ వరస ఊరికే వచ్చింది కాదు. పారామీటర్ అక్కర్లేదని చెప్పాలంటే ముందు దాని అవసరం ఎవరికుందో వాళ్లకు వేరే దారి దొరకాలి. తర్వాత పిలిచేవాళ్లు మారాలి. అన్నీ అయ్యాకే నిర్వచనం మారాలి. తలకిందులుగా మొదలుపెడితే మధ్యలో ఏ కమిట్ (కోడ్ చరిత్రలో నమోదైన ఒక మార్పు) దగ్గరో కెర్నల్ కంపైల్ కాదు, లేదా అంతకన్నా ఘోరంగా, కంపైల్ అయి నడిచేటప్పుడు కూలుతుంది. కెర్నల్‌లో బగ్ ఎక్కడ పుట్టిందో వెతకడానికి, కోడ్ చరిత్రను భద్రపరిచే గిట్‌లోని బైసెక్ట్ వాడతారు. అది చరిత్రలో ఏ కమిట్ దగ్గరైనా ఆగి బిల్డ్ చేయమంటుంది. అందుకే ప్రతి కమిట్ తనంతట తాను కంపైల్ కావాలన్నది కచ్చితమైన నియమం. పట్టికలోని ఎఫ్‌సింక్ రూపం మారిందంటే దాన్ని వాడే పదుల కొద్దీ ఫైల్‌సిస్టమ్‌లన్నీ అదే కమిట్‌లో మారాల్సిందే.

ఒక్కో ఫైల్‌సిస్టమ్‌లో మారింది ఎంత? చాలాచోట్ల ఒకటి రెండు లైన్లు. పారామీటర్ల జాబితాలో డెంట్రీ పోయింది. లోపల ‘ఇనోడ్ అంటే డెంట్రీలోని ఇనోడ్’ అని రాసున్న లైను ‘ఇనోడ్ అంటే ఫైల్ తాలూకు మ్యాపింగ్‌కు యజమాని’ అని మారింది. మ్యాపింగ్ అంటే ఆ ఫైలు డేటా పేజీలు పేజ్ క్యాష్‌లో ఎక్కడున్నాయో చెప్పే నిర్మాణం. ఈ ఒక్క లైను దగ్గర కాస్త ఆగాలి. ఫైల్ నుంచి డెంట్రీకి, అక్కడి నుంచి ఇనోడ్‌కి వెళ్తే పాతదే వచ్చేది కదా, మ్యాపింగ్ మీదుగా ఎందుకు వెళ్లారు? మామూలు ఫైళ్లకు రెండు దారులూ ఒకే ఇనోడ్‌కు చేరతాయి. కానీ స్లాష్ డెవ్ కింద ఉండే డిస్క్ డివైస్ ఫైలును తెరిస్తే అలా కాదు. డెంట్రీ చూపేది స్లాష్ డెవ్‌లో పేరున్న ఇనోడ్‌ని. డేటా పేజీలు నిజంగా వేలాడేది ఆ బ్లాక్ డివైస్ సొంత ఇనోడ్ మీద. మ్యాపింగ్ మీదుగా వెళ్తేనే ఈ రెండోది దొరుకుతుంది. ‘డెంట్రీ ఎలాగూ ఫైల్‌లో ఉంది కాబట్టి తీసేయొచ్చు’ అన్న వాదన సరైనదే, కానీ తీసేసిన దాని బదులు ఏం రాస్తున్నామన్నది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు వెతకాలి. క్లీనప్ ప్యాచ్‌లలో తప్పులు దొర్లేది సాధారణంగా ఇలాంటి చోటే.

సరే, తీయకపోతే నష్టమేంటి? వేగం కోసం కాదు, అది ముందే చెప్పేస్తాను. ఎక్స్86 64 బిట్ ప్రాసెసర్ల మీద లినక్స్‌లో మొదటి ఆరు పూర్ణాంక, పాయింటర్ పారామీటర్లు రిజిస్టర్లలోనే (ప్రాసెసర్ లోపలి గడుల్లోనే) వెళ్తాయి. ఆర్మ్64లో ఎనిమిది. మూడో నాలుగో ఉన్న చోట ఒకటి తగ్గితే ఎవరూ కొలవగలిగేంత తేడా రాదు. ఒకే ఫైలుకు పరిమితమైన స్టాటిక్ ఫంక్షన్ అయితే జీసీసీ కంపైలర్ చాలాసార్లు వాడని పారామీటర్‌ను తనే తీసి పారేస్తుంది. అందుకని ‘పెర్ఫార్మెన్స్ మెరుగుపడుతుంది’ అని కమిట్ మెసేజ్‌లో రాయకండి. కొలిచిన లెక్క లేకుండా ఆ మాట రాస్తే రివ్యూ చేసేవాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

నష్టం చదివేవాళ్లకు. పారామీటర్ల జాబితా అంటే, నా పనికి ఇవి కావాలి, ఇవి మారితే నా ఫలితం మారుతుంది అని ఆ ఫంక్షన్ ఇస్తున్న మాట. వాడని పారామీటర్ ఆ మాటను అబద్ధం చేస్తుంది. దరఖాస్తు ఫారంలో ఎవరూ చూడని గడి ఉన్నట్టు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాత జిల్లా లెక్కన ఏదో నంబరు అడిగే గడి ఫారంలో అలాగే ఉండిపోతే, దాన్ని కౌంటర్‌లో ఎవరూ చదవరన్న సంగతి నింపేవాడికి తెలీదు. ఆ నంబరు కోసం ఊరంతా తిరుగుతాడు.

కోడ్‌లో ఆ తిరుగుడు ఎంతకాలం సాగుతుందో చెప్పడానికి ఫైల్‌సిస్టమ్‌కు కాస్త పక్కనున్న ఉదాహరణ ఒకటి ఉంది. యూజర్ ప్రోగ్రామ్ ఇచ్చిన చిరునామా సరైన పరిధిలో ఉందో లేదో చూసే యాక్సెస్_ఓకే అనే ఫంక్షన్ ‘చదవడానికా, రాయడానికా’ అని ఒక పారామీటర్ అడిగేది. దాని మూలం ఇంటెల్ 386 ప్రాసెసర్. కెర్నల్ మోడ్‌లో ఉన్నప్పుడు ‘రాయకూడదు’ అని గుర్తు పెట్టిన పేజీల మీద కూడా ఆ ప్రాసెసర్ రాసేస్తుంది. అందుకే రాసే సందర్భంలో కెర్నల్ ముందే చేత్తో చూసుకోవాల్సి వచ్చేది. 386కి మద్దతు 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో పోయింది. పారామీటర్ మాత్రం 2019 జనవరి దాకా ఉండిపోయింది, లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా 5.0 కోసం తీసేసేవరకు. ఈ మధ్యలో కొత్త డ్రైవర్ రాసిన ప్రతి ఒక్కరూ తమది చదవడమో రాయడమో ఆలోచించి నింపారు. చదివిన ప్రతి ఒక్కరూ అందులో ఏదో భద్రత ఉందనుకున్నారు. ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో ఇలాంటి భ్రమ ఇంకా ప్రమాదం. ఏ లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకుని ఉన్నాం, ఏ ఎర్రర్ ఎవరికి చేరుతుంది, డేటా ఎప్పుడు డిస్కులో పడుతుంది అన్నవాటి మీద చదివేవాడు వేసుకునే అంచనాలు నేరుగా ఎవరి లెక్కల పుస్తకం మీదో పడతాయి.

ఎఫ్‌సింక్ దగ్గరికే తిరిగి వద్దాం. డెంట్రీ పోయి ఫైల్ మిగలడం ఎంత సరైన ఎంపికో ఏడేళ్లకు తేలింది. ఫైల్ నుంచి డెంట్రీకి వెళ్లగలం, డెంట్రీ నుంచి ఫైల్‌కి వెళ్లలేం. ఒకే డెంట్రీని పదిమంది తెరిచి ఉండొచ్చు, ఇప్పుడు పిలుస్తున్నది ఎవరో అది చెప్పదు. 2017 దాకా డిస్కులో రాయడం విఫలమైతే ఆ ఎర్రర్ మ్యాపింగ్ మీద ఒక గుర్తుగా ఉండేది. మొదట ఎఫ్‌సింక్ పిలిచినవాడికి ఎర్రర్ చేరి, ఆ గుర్తు చెరిగిపోయేది. అదే ఫైలును తెరిచి ఉంచిన రెండో ప్రాసెస్‌కి అంతా బాగానే ఉందన్న జవాబు వెళ్లేది. డేటాబేస్ నడిపేవాళ్లకు ఇది ప్రాణాంతకం. జెఫ్ లేటన్ 2017లో, 4.13 కెర్నల్‌లో, దీన్ని మార్చాడు. తెరిచిన ప్రతి ఫైలూ తాను చివరిసారి ఏ ఎర్రర్ దాకా చూసిందో తనలోనే గుర్తుంచుకుంటుంది, ఎవరి ఎఫ్‌సింక్‌లో వాళ్లకు ఎర్రర్ కనిపిస్తుంది. ఆ గుర్తు ఉండేది ఫైల్ నిర్మాణంలో. ఎఫ్‌సింక్‌కు ఫైల్ తప్పకుండా వస్తుందన్న హామీ 2010లోనే కుదిరి ఉండబట్టి ఈ మార్పుకు ఆ చిక్కు ఎదురుకాలేదు. రెండు పారామీటర్లలో ఒకటి అదనం అనిపించినప్పుడు, దేన్నుంచి ఏది తెలుసుకోవచ్చో ఆ దిక్కు చూడాలి. ఎక్కువ తెలిసినదాన్ని ఉంచాలి.

అన్నట్టు, ఎఫ్‌సింక్ పారామీటర్లు తగ్గుతూనే పోలేదు. 2011లో జోసెఫ్ బాచిక్ చేసిన మార్పుతో 3.1 కెర్నల్‌లో రెండు కొత్తవి చేరాయి. ఫైల్లో ఏ బైటు నుంచి ఏ బైటు దాకా దించాలన్న మొదలు, చివర. అంతకుముందు డేటా పేజీలు దించడం, ఇనోడ్ లాక్ పట్టడం వీఎఫ్‌ఎస్సే చేసి తర్వాత ఫైల్‌సిస్టమ్‌ను పిలిచేది. ఆ పనిని ఫైల్‌సిస్టమ్‌ల చేతికిచ్చాక వాటికి హద్దులు తెలియాలి కదా. కావలసింది చేరింది, అక్కర్లేనిది పోయింది.

ఇదే దారిలో ఇంకా కిందికి దిగితే మరో రెండు పారామీటర్లు కనిపిస్తాయి. అవి పోయిన కారణాలు వేరు. ఫైల్‌సిస్టమ్ తన వంతు రాసేశాక డిస్కుకు ఇంకో ఆదేశం ఇవ్వాలి. డిస్కు లోపల కూడా చిన్న క్యాష్ ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. దాన్ని ఖాళీ చేయమనే ఫంక్షన్ పేరు బీఎల్‌కేడెవ్_ఇష్యూ_ఫ్లష్. 2020 మొదట్లో అది మూడు అడిగేది: ఏ డివైస్, మెమరీ ఏ షరతుల మీద కేటాయించాలి, విఫలమైన సెక్టార్ (డిస్కులోని చిన్న ముక్క) నంబరు ఎక్కడ రాయాలి.

మూడోది ఆశతో పెట్టినట్టుంది. ఫ్లష్ విఫలమైతే ఏ సెక్టార్ దగ్గరో తెలిస్తే బాగుండునే. కానీ ఫ్లష్ ఆదేశానికి డ్రైవర్లు ఆ సెక్టార్ వివరం నింపవు. పిలిచేవాళ్లు ఎవరూ ఆ జవాబు వాడుకోవడం లేదు. ఇటు అడిగేవాడు లేడు, అటు చెప్పేవాడు లేడు. హెల్విగ్ 2020లో దాన్ని తీసేశాడు, 5.8 కెర్నల్‌లో అది లేదు.

రెండోది వేరే రకం. అది నిజంగా వాడకంలో ఉంది. ఫ్లష్ పంపడానికి బయో అనే చిన్న నిర్మాణం కావాలి, దానికి మెమరీ కేటాయించాలి. మెమరీ కరువైతే కెర్నల్ ‘కాస్త పేజీలు దించి ఖాళీ చెయ్యి’ అని తిరిగి ఫైల్‌సిస్టమ్‌నే అడగొచ్చు. ఆ సమయంలో ఫైల్‌సిస్టమ్ ఏదైనా లాక్ పట్టుకుని ఉంటే తన కోసం తానే ఎదురుచూస్తూ స్తంభించిపోతుంది. అందుకే ‘మెమరీ కోసం ఫైల్‌సిస్టమ్‌లోకి తిరిగి రావద్దు’ అన్న షరతు పారామీటర్‌గా వెళ్లేది. 2021లో ఆ బయోను కేటాయించడం మానేసి స్టాక్ (ఫంక్షన్ నడిచేంతసేపూ దానికుండే మెమరీ) మీదే పెట్టారు. ఫ్లష్ అయ్యేదాకా ఫంక్షన్ అక్కడే ఆగుతుంది కాబట్టి స్టాక్ సరిపోతుంది. కేటాయింపే లేనప్పుడు దాని షరతు ఎందుకు? 5.12 నుంచి ఆ ఫంక్షన్ డివైస్ ఒక్కటే అడుగుతుంది. నాకు ఈ మార్పు చాలా ఇష్టం. పారామీటర్ వాడుతున్నారని చూసి వదిలేయకుండా, అది ఏ పని కోసం ఉందో ఆ పనే అవసరమా అని అడిగితే పుట్టిన మార్పు ఇది.

అదే షరతు, ఫైల్లో రాసే ముందు పేజీని సిద్ధం చేసే రైట్_బిగిన్ అనే మరో ఫంక్షన్‌లోనూ ఫ్లాగ్స్ పారామీటర్‌గా ఉండేది. 2017లో 4.12తో ఆ సమాచారాన్ని నడుస్తున్న టాస్క్ మీదే గుర్తుగా పెట్టే పద్ధతి వచ్చింది. మాథ్యూ విల్‌కాక్స్ 2022లో, 5.19 కోసం, రైట్_బిగిన్ నుంచి ఫ్లాగ్స్ తీసేశాడు. సమాచారం మాయం కాలేదు, చేతులు మారకుండా వెళ్లే వేరే చోటికి మారింది.

ఇప్పుడు రెండో వైపు, వాడకపోయినా తీయకూడని పారామీటర్లు. పిల్లలు మొదట బోల్తా పడేది ఇక్కడే. కెర్నల్ ట్రీలో (మొత్తం కోడ్‌లో) నూప్_ఎఫ్‌సింక్ అనే ఫంక్షన్ ఉంది. టెంప్‌ఎఫ్‌ఎస్ లాంటి, ర్యామ్‌లోనే ఉండే ఫైల్‌సిస్టమ్‌లు దాన్ని వాడతాయి. డిస్కే లేదు కాబట్టి దించడానికేమీ లేదు. ఫంక్షన్ మొత్తం ఒక్క లైను, సున్నా తిరిగి ఇస్తుంది. నాలుగు పారామీటర్లు తీసుకుని ఒక్కటీ ముట్టుకోదు. అయినా నాలుగూ ఉండాల్సిందే, ఎందుకంటే దాని చిరునామా ఫైల్ ఆపరేషన్స్ పట్టికలో పడుతుంది. వాడకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు. జీసీసీలో వాడని పారామీటర్లను పట్టి చూపే హెచ్చరిక ఉన్నా, కెర్నల్ బిల్డ్ అదనపు హెచ్చరికలు పెట్టుకున్నప్పుడు కూడా దాన్ని ప్రత్యేకంగా ఆపి ఉంచేది ఇందుకే. ఇన్ని పట్టికలున్న కోడ్‌లో అది కేకలేస్తూనే ఉంటుంది, నిజమైనది అందులో కలిసిపోతుంది.

డేటాసింక్ కూడా అలాంటిదే. ఎఫ్‌డేటాసింక్ అనే తమ్ముడి లాంటి సిస్టమ్ కాల్ ఒకటి ఉంది. డేటా, దాన్ని తిరిగి చదవడానికి కావలసిన వివరాలు, ఉదాహరణకు పెరిగిన ఫైలు సైజు, దించితే చాలు, మారిన టైమ్‌స్టాంప్ లాంటివి తర్వాత దించినా పర్లేదు అంటుంది. అలా పిలిచినప్పుడు డేటాసింక్ ఒకటి అవుతుంది. దాన్ని అసలు చూడని ఎఫ్‌సింక్‌లు కొన్ని ఉన్నాయి, అన్నీ దించేస్తే తప్పేం లేదు కాబట్టి. ఎక్స్‌ట్4 మాత్రం ప్రతి ఇనోడ్‌కీ రెండు జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ట్రాన్సాక్షన్ నంబర్లు రాసుకుంటుంది. ఒకటి ఏ మార్పు జరిగినా మారేది, ఇంకొకటి డేటా చదవడానికి అవసరమైన మార్పు జరిగితేనే మారేది. డేటాసింక్ చూసి ఏ నంబరు దాకా ఆగాలో నిర్ణయించుకుంటుంది. ఒక ఫైల్‌సిస్టమ్ చదివి ‘ఇది ఎవరికీ అక్కర్లేదు’ అని తేల్చేస్తే పొరపాటే.

2012లో 3.6 కెర్నల్ కోసం ఆల్ వైరో చేసిన మార్పులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ఫైలు సృష్టించే క్రియేట్ పద్ధతికి అంతకుముందు నేమ్‌ఐడేటా అనే పెద్ద నిర్మాణం వెళ్లేది. దారి వెతుకులాటలో వీఎఫ్‌ఎస్ తన సొంతానికి రాసుకునే సరుకంతా అందులో ఉండేది, ఫైల్‌సిస్టమ్‌లు అందులో చేతులు పెట్టే వీలుండేది. దాన్ని తీసేసి, బదులుగా ‘ఈ పేరుతో ఫైలు ముందే ఉండకూడదా’ అని చెప్పే అవును, కాదు విలువ ఒక్కటి ఇచ్చారు. డిస్కు మీది ఫైల్‌సిస్టమ్‌లు దాన్ని పట్టించుకోనక్కర్లేదని కెర్నల్ పత్రాల్లోనే రాశారు, ఎందుకంటే పిలిచే ముందే ఆ పేరు లేదని వీఎఫ్‌ఎస్ చూసుకుంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌కి ఆ హామీ చాలదు, అదే క్షణంలో వేరే మెషీన్ అదే పేరు సృష్టించి ఉండొచ్చు. అందుకే అది ఆ విలువ చూసి సర్వర్‌ను తగినట్టు అడిగేది. ఎక్స్‌ట్4 ఒక్కదాన్నే చదివినవాడికి ఆ పారామీటర్ దండగ. ఎన్‌ఎఫ్‌ఎస్ చదివినవాడికి అదే ప్రాణం.

కాబట్టి తేల్చుకోవడం ఎలా? ముందు ఫంక్షన్ చిరునామా ఎక్కడైనా పాయింటర్‌గా వెళ్తోందా చూడాలి. వెళ్తుంటే ఆ పట్టికను నింపే అందరినీ చదవాలి. వెళ్లకపోతే నేరుగా పిలిచేవాళ్లను గిట్ గ్రెప్‌తో (కోడ్‌లో పదం వెతికే ఆదేశంతో) వెతకాలి. మ్యాక్రోలు పేర్లను అతికించి పుట్టించే ఫంక్షన్లు గ్రెప్‌కు దొరకవు, వాటి కోసం కళ్లతో చదవాల్సిందే. మీ మెషీన్ కాన్ఫిగరేషన్‌తో ఒక్కసారి కంపైల్ అయిందని సంతోషపడకూడదు. వీలైనవన్నీ మాడ్యూళ్లుగా చేర్చే ఆల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో బిల్డ్ చేయాలి, కనీసం ఒక వేరే ఆర్కిటెక్చర్‌కి కూడా. పిలుపులు పదుల్లో ఉంటే కాక్సినెల్ అనే పనిముట్టు ఉంది. ఫ్రాన్స్‌లోని ఇన్రియాలో జూలియా లావాల్ బృందం దాన్ని నడిపిస్తోంది. ఈ ఫంక్షన్ పిలుపుల్లో రెండో ఆర్గ్యుమెంట్ తీసెయ్ అని సీ భాషకు దగ్గరగా ఉండే రూపంలో నియమం రాస్తే, అది కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకుని ట్రీ అంతా మారుస్తుంది.

కంపైలర్ కాపాడుతుంది గానీ అన్నిచోట్లా కాదు. పారామీటర్ల సంఖ్య తగ్గితే పాత పిలుపులన్నీ ఎర్రర్ ఇస్తాయి, అది మంచిదే. అదే ప్యాచ్‌లో ఒకటి తీసి, అదే రకం పూర్ణాంకం మరొకటి చేర్చారంటే సంఖ్య మారదు, రకం మారదు, కంపైలర్ కిమ్మనదు. తప్పు విలువ తప్పు చోటికి వెళ్తుంది. అందుకే తీయడం ఒక ప్యాచ్, చేర్చడం వేరే ప్యాచ్. ఫంక్షన్ పాయింటర్‌ను కాస్ట్ చేసి (రకం బలవంతంగా మార్చి) పట్టికలో పెట్టిన చోట కూడా కంపైలర్ నోరు కట్టేసినట్టే. 2022లో 6.1తో వచ్చిన కేసీఎఫ్‌ఐ అనే రక్షణ పెట్టి క్లాంగ్ కంపైలర్‌తో బిల్డ్ చేస్తే, పాయింటర్ రకం కలవని పిలుపు నడిచేటప్పుడు దొరికిపోతుంది. ఆఖరున ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే టెస్టుల కట్ట నడపాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం పుట్టినా ఇప్పుడు లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లన్నిటికీ అదే గీటురాయి.

ఇంత చేశాక కూడా ఆ కోడ్ బాధ్యత చూసే మెయింటెయినర్ వద్దనొచ్చు. ఆ కారణాలు నాకు సబబుగానే తోస్తాయి. కెర్నల్ పాత వెర్షన్లు ఏళ్ల తరబడి నడుస్తుంటాయి, బగ్‌కు కొత్తలో చేసిన సవరణ పాతవాటికీ వెళ్లాలి. మధ్యలో మీ క్లీనప్ పడితే ఆ సవరణ పాత కోడ్ మీద అతకదు, ఎవరో చేత్తో సర్దాలి. ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపే గిట్ బ్లేమ్‌లో ఆ లైను ఎందుకు రాశారో వెతికేవాడికి ముందు మీ క్లీనప్ అడ్డొస్తుంది. ట్రీ బయట ఉన్న ఫైల్‌సిస్టమ్ మాడ్యూళ్లు విరుగుతాయి. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వం హామీ లేదన్నది లినక్స్ విధానమే కాబట్టి ఆ ఒక్కటీ ఆపదు. కానీ పట్టికలోని పద్ధతి మారితే డాక్యుమెంటేషన్‌లోని పోర్టింగ్ పత్రంలో నమోదు చేయాలి. నా లెక్కలో, పారామీటర్ చదివేవాడిని తప్పుదారి పట్టిస్తుంటే ఇంత ఖర్చూ పెట్టొచ్చు. లోపల మూడు లైన్ల స్టాటిక్ ఫంక్షన్‌లో కేవలం మిగిలిపోయినదైతే, ఆ కోడ్‌ను వేరే పని మీద ముట్టుకున్నప్పుడు దాంతో పాటే తీయడం మేలు.

విజయనగరం, రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల కాలేజీల్లో చదువుతూ మొదటి ప్యాచ్ పంపాలనుకునేవాళ్లు ఇలాంటి క్లీనప్‌తోనే మొదలుపెడుతుంటారు. మంచి ప్రారంభమే. ల్యాప్‌టాప్ మామూలుదైనా ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అవ్వచ్చు. ఒక ఫైల్‌సిస్టమ్ డైరెక్టరీ మాత్రమే బిల్డ్ చేసి చూడటం నిమిషాల పని. కమిట్ మెసేజ్‌లో మాత్రం ‘వాడని పారామీటర్ తీశాను’ అని ఆపేయకండి. అది ఎప్పటి నుంచి వాడకంలో లేదో గిట్ లాగ్‌లో వెతికి, ఏ కమిట్‌తో దాని చివరి వాడకం పోయిందో ఆ కమిట్ గుర్తింపు, శీర్షికతో సహా రాయండి. పిలిచేవాళ్లను ఎలా వెతికారో, ఏ కాన్ఫిగరేషన్లలో బిల్డ్ చేశారో, ప్రవర్తన మారదని ఎలా అనగలుగుతున్నారో రాయండి. ఆ చివరి వాడకం దొరకలేదంటే ప్యాచ్ ఇంకా సిద్ధం కాలేదు. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి, కోట్‌లలో ఆ పారామీటర్ పేరు పెట్టి, పక్కన ఫైలు పేరు ఇవ్వండి. ఆ పేరు ఎన్నిసార్లు ఉందన్న లెక్క మారిన కమిట్‌లన్నీ బయటికొస్తాయి.